ట్రక్కు వాళ్ళది, కంపెనీ మాత్రం మనదట!

ఈసారి సంపాదకీయం నదీజలాల గురించీ కాదు, ఎన్నికల గురించీ కాదు. కెనడాలో ఒషావా అనే ఊరి గురించి, అక్కడి నుంచి రాత్రిపూట బయలుదేరే కూరగాయల ట్రక్కుల గురించి, వాటిని తోలే మన పిల్లల గురించి. "మన పిల్లలు ట్రక్కులు తోలడమేమిటి?" అని మీలో కొందరు అనుకోవచ్చు. తోలుతున్నారు. నేనూ తోలాను.

ముందు నా సంగతి చెప్పుకుంటాను. మాస్టర్స్ చదివి, పన్నెండేళ్ళు కోడ్ రాసినవాణ్ణి. 2023 ఫిబ్రవరిలో టొరంటోలో నా ఉద్యోగం పోయింది. ఆ చలికాలం ఎంతమందికి పోయిందో మీకు చెప్పక్కర్లేదు, ఇది చదువుతున్నవాళ్ళలోనే చాలామంది ఉంటారు. ఇల్లు ఒషావాలో. మార్టిగేజు ఆగదు. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. నాలుగు నెలలు రెజ్యూమెలు పంపి, ఐదో నెలలో ట్రక్కు స్కూల్లో చేరాను. ఒంటారియోలో పెద్ద ట్రక్కు తోలాలంటే ఏజెడ్ లైసెన్సు కావాలి. 2017 జులై 1 నుంచి దానికి కనీసం 103.5 గంటల శిక్షణ తప్పనిసరి చేశారు. లైసెన్సు వచ్చాక, 2023 అక్టోబరు నుంచి 2025 ఏప్రిల్ దాకా రీఫర్ ట్రక్కు తోలాను. రీఫర్ అంటే చల్లదనం పట్టి ఉంచే యంత్రమున్న 53 అడుగుల ట్రెయిలర్. సరుకు తాజా కూరగాయలు, పండ్లు.

ఊళ్ళో అమ్మకి చెప్పలేదు. ఇప్పుడు మళ్ళీ సాఫ్ట్‌వేర్లోకి వచ్చాను కాబట్టి చెప్పినా పెద్ద నష్టం లేదు. కానీ ఆ పద్దెనిమిది నెలలూ "ప్రాజెక్టు నైట్ షిఫ్ట్" అని చెప్పాను. మా మేనమామ కైకలూరు నుంచి హౌరాకి చేపల లారీ తోలేవాడు. ఐసు దంచి పెట్టెల్లో చేపలు సర్ది, ఐసు కరిగేలోపు బెంగాల్ చేరాలి. ఆయన సంపాదనలోంచి నా ఇంజనీరింగ్ ఫీజుకి కూడా కొంత వచ్చింది. ఆ ఇంటివాణ్ణయ్యుండి నేను ఎందుకు దాచాను? ఈ ప్రశ్నకి జవాబు నాకు ఇప్పుడు సిగ్గు తెప్పిస్తోంది. నేను దాచినట్టే మనందరం దాస్తున్నాం. ఆ దాపరికం మీద కొందరు వ్యాపారం చేసుకుంటున్నారు. నేను రాయదలచింది దాని గురించే.

పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. ఒషావా టొరంటోకి తూర్పున సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో, 401 హైవే మీద ఉంది. "రీజినల్" డ్రైవరు ఖండం దాటిపోడు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి తిరిగొస్తాడు. నాకు ముఖ్యంగా రెండు రూట్లు. ఒకటి, అర్ధరాత్రి దాటాక టొరంటో పడమటి వైపున్న ఒంటారియో ఫుడ్ టెర్మినల్‌కి. 1954లో మొదలైన ఈ టోకు మార్కెట్టు పండ్లు, కూరగాయల విషయంలో కెనడాలోకెల్లా పెద్దది. మన బోయినపల్లి మార్కెట్టు తెల్లవారుజామున ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, కాకపోతే జనవరిలో మైనస్ ఇరవై. రెండోది, నైరుతి మూలనున్న లెమింగ్టన్‌కి. అక్కడ ఎకరాలకెకరాలు గాజు ఇళ్ళు, వాటిలో టమాటా, దోసకాయ, క్యాప్సికం. అవి ఎత్తుకుని కింగ్‌స్టన్, ఒట్టావా గోదాములకి వెళ్ళాలి. లెమింగ్టన్‌లో కాయ కోసేది మెక్సికో, జమైకాల నుంచి సీజను పర్మిట్ల మీద వచ్చిన కూలీలు. జమైకాతో ఆ పథకం 1966లో మొదలైంది, మెక్సికోతో 1974లో. కోసేవాడూ వలసకూలీయే, మోసేవాడూ ఎక్కువగా వలసవాడే.

కూరగాయ చాలా సున్నితం. టమాటాని పది డిగ్రీల కంటే బాగా కిందికి దించితే రుచి పోతుంది. లెట్యూస్‌ని ఒకటి రెండు డిగ్రీల దగ్గర ఉంచకపోతే వాడిపోతుంది. యాపిల్స్ పక్కన లెట్యూస్ పెడితే, యాపిల్ వదిలే ఇథిలీన్ వాయువుకి ఆకు మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. రీఫర్ యంత్రం వేడి సరుకుని చల్లబరచలేదు, చల్లగా ఎక్కిన సరుకుని చల్లగా ఉంచుతుంది, అంతే. అందుకే సరుకు ఎక్కకముందే ఖాళీ ట్రెయిలర్‌ని చల్లబరచాలి, ఎక్కేటప్పుడు కాయలోకి థర్మామీటరు గుచ్చి చూడాలి. చలికాలంలో కథ తలకిందులు. అప్పుడు అదే యంత్రం వేడిగాలి కొట్టాలి, లేకపోతే ఒట్టావా చేరేసరికి టమాటాలు రాళ్ళవుతాయి. దారి పొడుగునా ఉష్ణోగ్రత ఎంతుందో యంత్రం రాసి పెట్టుకుంటుంది. గోదాము దగ్గర ఆ లెక్క చూసి, రెండు మూడు డిగ్రీలు తేడా ఉన్నా లోడు వెనక్కి పంపేస్తారు.

డ్రైవరుకి కూడా లెక్క ఉంది. ఇక్కడి నిబంధన ప్రకారం రోజుకి 13 గంటలకి మించి తోలకూడదు, 14 గంటలకి మించి డ్యూటీలో ఉండి తోలకూడదు. ఈ గంటల్ని ఎలక్ట్రానిక్ లాగ్ రాస్తుంది. ఫెడరల్ నిబంధన 2021 జూన్ 12న వచ్చింది, 2023 జనవరి నుంచి గట్టిగా అమలవుతోంది. డాక్ దగ్గర నేను నాలుగు గంటలు కాచుకుంటే ఆ నాలుగు గంటలూ లాగ్‌లో పడతాయి. నా బిల్లులో మాత్రం పడవు. పద్నాలుగు గంటల డ్యూటీకి పది గంటల డబ్బులు! ఎందుకలా అని అడిగితే జవాబు ఒకటే: "నువ్వు ఉద్యోగివి కాదు కదా తమ్ముడూ, నువ్వొక కంపెనీవి."

అసలు మోసం ఇక్కడుంది మిత్రులారా. కెనడాలో దీన్ని "డ్రైవర్ ఇంక్" అంటారు. ఉద్యోగంలో చేరే రోజున యజమాని ముందుగా చెప్పేది, "ఒక కార్పొరేషన్ రిజిస్టర్ చేసుకుని రా" అని. ట్రక్కు ఆయనది. ట్రెయిలర్ ఆయనది. ఇన్సూరెన్సు, డీజిలు ఆయనవి. ఏ లోడు, ఏ టైము, ఏ రేటు అన్నీ ఆయనే చెబుతాడు. నా దగ్గరున్నది లైసెన్సు, టిఫిన్ డబ్బా. అయినా కాగితం మీద నేనొక కంపెనీ! ప్రతి రెండు వారాలకీ ఆయనకి బిల్లు పంపుతాను. జీతం లేదు కాబట్టి కోతల్లేవు, కోతల్లేవు కాబట్టి హక్కుల్లేవు.

"అయితే ఏమైంది? మేమూ కార్పొరేషన్ పెట్టుకునే కాంట్రాక్టు చేశాం, చేతికి ఎక్కువొచ్చింది" అని మన సాఫ్ట్‌వేర్ మిత్రులు అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. లెక్క వేసి చూద్దాం. నాకు పేరోల్ మీదైతే గంటకి 24 డాలర్లు, కార్పొరేషన్ మీదైతే 27 అన్నారు. మూడు డాలర్లు లాభం! కానీ ఉద్యోగికి కనీసం 4 శాతం సెలవు జీతం ఇవ్వాలి, అంటే గంటకి 96 సెంట్లు. పెన్షన్ పథకానికి యజమాని వాటా 5.95 శాతం, సుమారు డాలరు 43 సెంట్లు. నిరుద్యోగ బీమాకి యజమాని వాటా 2024 రేటు ప్రకారం సుమారు 56 సెంట్లు. మొత్తం కూడితే 2 డాలర్ల 95 సెంట్లు. నాకు వచ్చిన "లాభం" అయిదు సెంట్లు! దాంట్లోంచి అకౌంటెంటు ఫీజు నేనే కట్టుకోవాలి. ఫెడరల్ చట్టం కింద ఉద్యోగికి వచ్చే 10 పండగ సెలవులు, 2022 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న 10 రోజుల దాకా జీతంతో కూడిన అనారోగ్య సెలవు, హైవే డ్రైవరుకి వారానికి 60 గంటలు దాటాక ఓవర్‌టైము... ఇవేవీ ఈ లెక్కలో ఇంకా కలపనేలేదు.

పైగా పన్నుల శాఖ ఇలాంటి కార్పొరేషన్‌ని చిన్న వ్యాపారంగా చూడదు. ఒక్క యజమానికే పనిచేస్తూ, కార్పొరేషన్ లేకపోతే మామూలు ఉద్యోగిలాగే ఉండేవాడివైతే, అది "పర్సనల్ సర్వీసెస్ బిజినెస్". చిన్న వ్యాపారాల రాయితీ రాదు. ఒంటారియోలో అందులో మిగిలిన లాభం మీద పన్ను 44.5 శాతం. నోటీసు వచ్చేది డ్రైవరు ఇంటికి, యజమాని ఇంటికి కాదు.

నాకు తగిలిన దెబ్బ చిన్నదే. ఒకసారి లెట్యూస్ లోడు వెనక్కి కొట్టారు. ఎక్కించేటప్పుడే సరుకు వెచ్చగా ఉంది. డాక్ మీదికి డ్రైవర్లని రానివ్వలేదు కాబట్టి నేను థర్మామీటరు గుచ్చి చూసే అవకాశమే లేదు. నా యంత్రం దారంతా ఒక డిగ్రీ దగ్గరే ఉందని దాని రికార్డే చెబుతోంది. అయినా నా బిల్లులో పన్నెండు వందల డాలర్లు కోసేశారు. నేను తట్టుకోగలిగాను. తట్టుకోలేని మనిషి ఒకడున్నాడు.

అతని పేరు రాయను. నల్గొండ జిల్లా కుర్రాడు. డర్హమ్ ప్రాంతంలో రెండేళ్ళ కోర్సు చదివి, మూడేళ్ళ వర్క్ పర్మిట్ తెచ్చుకున్నాడు. 2022 నవంబరు 16 నుంచి ట్రక్కు డ్రైవరు పని కూడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పీఆర్‌కి లెక్కకొస్తోందని తెలుసుకుని లైసెన్సు తీసుకున్నాడు. నేను చేరిన నెలలోనే చేరాడు. చేరేముందు నన్ను అడిగాడు: "అన్నా, కార్పొరేషన్ పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?" నేను పాత కాంట్రాక్టు రోజుల ధీమాతో, "పెట్టుకో తమ్ముడూ, అందరూ చేసేదే. నేనూ పెట్టాను" అన్నాను. ఫారాలు నేనే దగ్గర కూర్చుని నింపించాను.

ఆ మాట నేనన్నదే. ఈ సంపాదకీయం రాయడానికి కారణం కూడా అదే.

2025 జనవరిలో ఒక గోదాము డాక్ దగ్గర, ట్రెయిలర్ తలుపులు తెరుస్తూ, గడ్డకట్టిన మంచు మీద జారి పడ్డాడు. మోకాలి లిగమెంటు తెగింది. మూడో రోజున యజమాని ఫోన్ చేసి, "బాగయ్యాక చూద్దాంలే" అన్నాడు. ఉద్యోగి కాదు కాబట్టి సెలవు లేదు. బీమా కట్టలేదు కాబట్టి నిరుద్యోగ భృతి లేదు. పనిలో దెబ్బ తగిలిన కార్మికులకి పరిహారమిచ్చే ఒంటారియో సంస్థ డబ్ల్యూఎస్‌ఐబీకి యజమాని ఇతని పేరే చెప్పలేదు. ఇవన్నీ డబ్బు నష్టాలు. అసలు పిడుగు ఆ తర్వాత పడింది. పీఆర్‌కి దరఖాస్తు చేద్దామని అనుభవ పత్రం అడిగితే, "ఇండిపెండెంట్ కాంట్రాక్టర్" అని రాసిచ్చారు. కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లో స్వయం ఉపాధి కింద చేసిన పని లెక్కకి రాదు. నిబంధనల్లో స్పష్టంగా ఉంది. అంటే పదిహేను నెలలు రాత్రీ పగలూ తోలిన ట్రక్కు, ఇమ్మిగ్రేషన్ లెక్కలో సున్నా!

"అన్నా, నువ్వే కదా పెట్టుకోమన్నావ్" అని అతను ఒక్కసారైనా నన్ను అనలేదు. అని ఉంటే బాగుండేది.

చట్టం లేదా అంటే, ఉంది. మనిషి ఉద్యోగా, సొంత వ్యాపారమా అన్నది కాగితం మీద పేరుని బట్టి తేలదు. 2001లో సాగజ్ కేసులో కెనడా సుప్రీంకోర్టు చెప్పింది: ఆ మనిషి తన సొంత వ్యాపారంగా ఆ పని చేస్తున్నాడా అన్నది చూడాలి. పని మీద అదుపు ఎవరిది, పరికరాలు ఎవరివి, నష్టభయం ఎవరిది, లాభానికి అవకాశం ఎవరికి అన్నది చూడాలి. మన డ్రైవరు విషయంలో ఈ ప్రశ్నలకి జవాబు చిన్నపిల్లాడైనా చెబుతాడు. రాష్ట్రాల సరిహద్దులూ దేశ సరిహద్దూ దాటి ట్రక్కులు నడిపే కంపెనీలకి ఫెడరల్ కార్మిక చట్టం వర్తిస్తుంది. ఉద్యోగిని కాంట్రాక్టరుగా చూపించడాన్ని ఆ చట్టం 2021 జనవరి 1 నుంచి నిషేధించింది. 2024 జూన్‌లో సవరించి, ఇంకో మెట్టు పైకెళ్ళింది: డబ్బు తీసుకుని పనిచేసేవాడు ఉద్యోగే అని ముందుగా అనుకోవాలి, కాదని నిరూపించుకోవలసిన బాధ్యత యజమానిది. ఇక 2025 నవంబరు బడ్జెట్‌లో ఫెడరల్ ప్రభుత్వం ట్రక్కు రంగంలో ఈ ఎగవేతని పట్టుకోవడానికి పన్నుల శాఖకి నాలుగేళ్ళలో 7.7 కోట్ల డాలర్లు ప్రతిపాదించింది.

చట్టం ఉన్నా ఫిర్యాదు చేసేవాడు కావాలి. మేం చేశాం. అతని ఫోన్లోని డిస్పాచ్ మెసేజీలు, లాగ్ రికార్డులు, బిల్లులు, ట్రక్కు ఎవరి పేరున ఉందో చూపే కాగితాలు రెండు రాత్రులు కూర్చుని తారీఖుల వారీగా పేర్చాం. ఏడెనిమిది నెలల తర్వాత డబ్ల్యూఎస్‌ఐబీ తేల్చింది: అతను కార్మికుడే. యజమాని ప్రీమియం కట్టినా కట్టకపోయినా పరిహారం వస్తుంది. వచ్చింది. రావలసిన జీతం గురించి ఫెడరల్ కార్మిక శాఖలో ఫిర్యాదు నడుస్తోంది. పీఆర్ సంగతి ఇంకా తేలలేదు. "కార్మికుడే" అన్న ఆ ఒక్క కాగితాన్ని పట్టుకుని ఇమ్మిగ్రేషన్ తలుపు తట్టాలి. పర్మిట్ గడువేమో దగ్గరపడుతోంది.

ఇప్పుడు చేదు మాట ఒకటి చెప్పాలి. ఆ యజమాని ఎవరో పరాయివాడు కాదు. మనవాడే. ఉగాది వేడుకల బ్యానరు మీద ఆయన లోగో ఉంటుంది. వేదిక మీద శాలువా కప్పుతాం, పిల్లలకి బహుమతులు ఆయన చేతులమీదుగా ఇప్పిస్తాం. మన వేదిక హైదరాబాదులో బైకు మీద అన్నం మోసే కుర్రాణ్ణి "పార్ట్‌నర్" అని పిలవడం దగా అని రాసింది. రైతుకి గిట్టుబాటు ధర గురించి రాసింది. ఆ రాతల్లో కొన్ని నావే. కానీ మన ఊరి హాలు అద్దె కట్టిన పెద్దమనిషి మన కుర్రాణ్ణి "కంపెనీ" అని పిలిస్తే, మనం ఏమీ అనలేదు. సుమారు ఎనిమిదివేల మైళ్ళ దూరంలో అన్యాయం కనిపించే కళ్ళకి ఎదురుగా ఉన్నది ఎందుకు కనిపించదు?

యజమానుల వాదన కూడా వినాలి, వినకపోతే అన్యాయం. "పక్కవాడు పేరోల్ ఇవ్వడు, నేనిస్తే నా రేటు ఎక్కువవుతుంది, లోడు వాడికి పోతుంది" అంటారు. నిజమే! 2022 తర్వాత రవాణా రేట్లు పడిపోయాయి, చిన్న కంపెనీలు నలిగిపోయాయి. నిజాయితీగా జీతమిచ్చే కంపెనీలే ముందు మునిగాయి. అందుకే ఒంటారియో ట్రకింగ్ అసోసియేషన్, అంటే యజమానుల సంఘమే, డ్రైవర్ ఇంక్‌ని అరికట్టమని ఏళ్ళ తరబడి ప్రభుత్వాన్ని అడుగుతోంది. దొంగదారిన పోతేనే బతకగలం అన్న పరిస్థితి ఉందంటే దారి మార్చాలి గానీ, దొంగతనాన్ని ఆచారం చెయ్యకూడదు.

ఇంకో కోణం కూడా ఉంది. 2016 జనాభా లెక్కల ప్రకారం టొరంటో ప్రాంతపు ట్రక్కు డ్రైవర్లలో సగానికి పైగా దక్షిణాసియా మూలాలవాళ్ళు. ఎక్కడ ప్రమాదం జరిగినా నింద వాళ్ళ మీదికే పోతుంది. 2018 ఏప్రిల్ 6న సస్కాచెవాన్‌లో హంబోల్ట్ హాకీ జట్టు బస్సు ప్రమాదంలో 16 మంది చనిపోయారు. ఆ ట్రక్కు డ్రైవరు రెండు వారాల శిక్షణతో రోడ్డెక్కినవాడు. తప్పు ఒప్పుకున్నాడు, ఎనిమిదేళ్ళ జైలు పడింది, 2024లో దేశం నుంచి పంపేయాలని ఉత్తర్వు వచ్చింది. ఆ కంపెనీ యజమానికి పడింది ఐదు వేల డాలర్ల జరిమానా. పోయిన ప్రాణాలకి డ్రైవరు బాధ్యుడు కాడని నేను అనడం లేదు. కానీ శిక్షలో ఇంత తేడా ఏమిటి? 2025 ఆగస్టులో ఫ్లోరిడా ప్రమాదం తర్వాత అమెరికా ట్రక్కు డ్రైవర్లకి వర్క్ వీసాలే ఆపేసింది. రోడ్డు మీద తప్పు జరిగితే డ్రైవరు మన రంగువాడు. లాభం వచ్చినప్పుడు మాత్రం అందులో అన్ని రంగులవాళ్ళకీ వాటా ఉంటుంది. మనం మన డ్రైవర్ల హక్కుల కోసం నిలబడకపోతే, రేపు ఈ ముద్రకి జవాబు చెప్పే నైతిక బలం కూడా మనకి ఉండదు.

ఒషావా మామూలు ఊరు కాదు. 1937 ఏప్రిల్ 8న ఇక్కడి జనరల్ మోటార్స్ కార్మికులు సుమారు నాలుగు వేలమంది సమ్మెకి దిగారు. ప్రీమియర్ మిచెల్ హెప్‌బర్న్ యూనియన్‌ని అణచాలని ప్రత్యేక పోలీసు దళాన్నే తయారుచేశాడు. ఆయన మంత్రివర్గంలోని డేవిడ్ క్రోల్, కార్ల కంపెనీతో కలిసి సవారీ చెయ్యడం కంటే కార్మికులతో కలిసి నడవడమే నా చోటు అన్న భావంతో పదవి వదులుకున్నాడు. రెండు వారాల్లో కంపెనీ దిగొచ్చింది. వారానికి 44 గంటల పని, సీనియారిటీ హక్కు వచ్చాయి. కెనడాలో పారిశ్రామిక కార్మిక ఉద్యమానికి ఊపు వచ్చింది ఆ సమ్మెతోనే. వాళ్ళు అడిగింది గుర్తింపు: మేం కార్మికులం, మాకో సంఘం ఉంది, మాతో మాట్లాడండి అని. ఇన్నేళ్ళ తర్వాత అదే ఊళ్ళో మన కుర్రాడు "నేను కార్మికుణ్ణి" అని రుజువు చేసుకోవడానికి రెండు రాత్రులు కాగితాలు పేర్చవలసి వచ్చింది.

ఊరికే ఆవేశపడి లాభం లేదు. మనం చెయ్యగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

1. ఎవరైనా మిమ్మల్ని "కార్పొరేషన్ పెట్టొచ్చా?" అని అడిగితే, ఒక్కటే ఎదురు ప్రశ్న వెయ్యండి: ట్రక్కు ఎవరిది? ట్రక్కు యజమానిదైతే టీ4 అడగమని చెప్పండి. టీ4 అంటే ఉద్యోగికి ఏటా ఇచ్చే జీతం పత్రం. అది లేని అనుభవం పీఆర్‌కి అక్కరకు రాకపోవచ్చని కూడా చెప్పండి. నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి.

2. మన సంఘాల వేడుకలకి స్పాన్సర్లుగా వచ్చే ట్రక్కు కంపెనీలని ఒక చిన్న కాగితం అడుగుదాం: "మా ట్రక్కులు తోలేవాళ్ళందరికీ పేరోల్ మీదే జీతం ఇస్తున్నాం" అని. ఇవ్వనివాళ్ళ డబ్బు మనకొద్దు. హాలు చిన్నదైతే ఏమవుతుంది? పులిహోర తక్కువైతే ఏమవుతుంది?

3. మనలో అకౌంటెంట్లున్నారు, లాయర్లున్నారు. నెలకొక శనివారం సాయంత్రం రెండు గంటలు ఇవ్వండి. గడువులు చాలా తక్కువ. రావలసిన జీతం గురించి ఫెడరల్ ఫిర్యాదుకి ఆరు నెలలు, డబ్ల్యూఎస్‌ఐబీ క్లెయిముకి ప్రమాదం జరిగాక ఆరు నెలలు, ఒంటారియో చట్టం కిందికొచ్చే కంపెనీల మీద జీతం ఫిర్యాదుకి రెండేళ్ళు. చాలామందికి ఈ విషయం గడువు దాటాకే తెలుస్తోంది.

4. డ్రైవర్లుగా ఉన్న తమ్ముళ్ళకి: ప్రతి డిస్పాచ్ మెసేజీ దాచుకోండి. మీ లాగ్ రికార్డుల కాపీ నెలనెలా తీసుకోండి, ఎందుకంటే కంపెనీలు వాటిని ఆరు నెలలు ఉంచితే చాలు. సరుకు వెచ్చగా ఎక్కితే బిల్ మీద రాయండి, డాక్ మీదికి రానివ్వకపోతే అదీ రాయండి. రాసిపెట్టుకున్న మాటే తర్వాత మిమ్మల్ని కాపాడుతుంది.

5. కెనడాలో ఓటున్నవాళ్ళు మీ ఎంపీకి రాయండి. బడ్జెట్లో చెప్పిన డబ్బు తనిఖీలకి చేరిందా, ఎన్ని కంపెనీల మీద చర్య తీసుకున్నారు అని అడగండి. మోసపోయిన డ్రైవరు పనిచేసిన నెలల్ని ఇమ్మిగ్రేషన్ శాఖ ఉద్యోగంగా లెక్కించాలని అడగండి. యజమాని చేసిన తప్పుకి కార్మికుడి పీఆర్ పోవడం ఏ న్యాయం?

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో, లండన్‌లోనో ఉండి ఇది చదువుతున్న మిత్రులకి ఒక మాట. ఇది ఒషావా సమస్యే కదా అనుకోకండి. బెంచి మీద జీతం ఇవ్వని కన్సల్టెన్సీలు మీకు తెలుసు. పాస్‌పోర్టు తీసి పెట్టుకున్న యజమానులు మీకు తెలుసు. అక్కడ కూడా బ్యానరు మీద లోగో ఎవరిదో మీకు తెలుసు. ప్రశ్న ఎక్కడైనా ఒకటే: పనిచేసినవాణ్ణి పనివాడని ఒప్పుకుంటామా, లేదా?

ఈ వ్యాసం అచ్చుకి పంపేముందు ఊరికి ఫోన్ చేశాను. పద్దెనిమిది నెలలు ఏం తోలానో అమ్మకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ మావయ్య చేపల లారీ తోలినప్పుడు మనమేమైనా దాచుకున్నామా? అన్నం పెట్టిన బండి కదరా" అంది. అంతే.

దాచుకోవలసింది డ్రైవరు కాదు మిత్రులారా, డ్రైవరుని కంపెనీ అని పిలిచినవాడు. ఆ సిగ్గు ఎవరిదో వాళ్ళకే అప్పజెబుదాం. వచ్చే వేడుక బ్యానరు అచ్చయ్యేలోపు మీ సంఘం కార్యవర్గాన్ని రెండో అంశం గురించి అడగండి. ఏమన్నారో రాయండి.